బైట్స్ నుంచి అప్‌లోడెడ్ ఫైల్ దాకా: జాంగోలో సరైన దారి

ఈ ఎపిసోడ్‌లో చూడబోయేది చిన్న టాపిక్‌లా కనిపిస్తుంది కానీ బ్యాకెండ్ పని చేసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే. మన చేతిలో ఉత్త బైట్స్ ఉన్నాయి. మన కోడ్ మాత్రం "నాకు అప్‌లోడ్ చేసిన ఫైల్ ఇవ్వు" అంటుంది. ఈ రెండింటి మధ్య వంతెన ఎలా కట్టాలి? ఇదీ ప్రశ్న. నేను పైథాన్, జాంగో తీసుకుని చెప్తాను. చివర్లో ఫ్లాస్క్, ఫాస్ట్ఏపీఐ, స్ప్రింగ్, డాట్‌నెట్ వాళ్ళకి కూడా రెండు మాటలు ఉంటాయి.

ముందు ఒక బేసిక్ విషయం. బ్రౌజర్‌లో ఒక ఫారమ్ నుంచి ఫైల్ అప్‌లోడ్ చేస్తే సర్వర్‌కి ఏం వస్తుంది? కేవలం ఫైల్‌లోని బైట్స్ రావు. మల్టీపార్ట్ రిక్వెస్ట్ వస్తుంది. అందులో ప్రతి భాగానికీ ముందు కొన్ని హెడర్లు ఉంటాయి: ఈ ఫీల్డ్ పేరు ఇది, ఫైల్ పేరు ఇది, కంటెంట్ టైప్ ఇది అని. ఆ తర్వాతే అసలు బైట్స్. జాంగో ఈ మొత్తాన్ని చదివి ఒక ఆబ్జెక్ట్ తయారు చేస్తుంది. దానికి నేమ్, సైజ్, కంటెంట్ టైప్ లాంటి యాట్రిబ్యూట్స్, రీడ్, సీక్, చంక్స్ లాంటి మెథడ్స్ ఉంటాయి.

కొరియర్ పార్సిల్ అనుకోండి. లోపల వస్తువు ఉంటుంది, పైన లేబుల్ ఉంటుంది. ఎవరు పంపారు, ఏముంది, ఎంత బరువు అన్నీ లేబుల్ మీదే. ఉత్త బైట్స్ అంటే లేబుల్ లేని వస్తువు. మనం చేయబోయే పని ఆ లేబుల్‌ని మన చేత్తో రాయడం. ఇప్పటిదాకా బ్రౌజర్ రాసిన లేబుల్‌ని ఇకపై మనం రాస్తున్నాం కాబట్టి, తప్పు రాస్తే బాధ్యత కూడా మనదే. దీన్ని గుర్తుపెట్టుకోండి, మిగతా ఎపిసోడ్ అంతా దీని మీదే నడుస్తుంది.

అసలు ఉత్త బైట్స్ ఎక్కడ నుంచి వస్తాయి? చాలా చోట్ల నుంచి అండి. మొబైల్ యాప్ ఫోటోని బేస్64 స్ట్రింగ్‌గా మార్చి జేసన్‌లో పెట్టి పంపుతుంది. వెబ్ పేజీలో కాన్వాస్ మీద వేలితో గీసిన సంతకం అలాగే వస్తుంది. మనమే సర్వర్‌లో పీడీఎఫ్ ఇన్‌వాయిస్ తయారు చేస్తాం. వేరే యూఆర్ఎల్ నుంచి ఇమేజ్ డౌన్‌లోడ్ చేస్తాం. జిప్ ఫైల్ విప్పి లోపలివి తీస్తాం. టెస్టులు రాసేటప్పుడు దొంగ ఫైల్ కావాలి. అన్నిచోట్లా చివరికి మన చేతిలో మిగిలేది పైథాన్ బైట్స్.

జాంగోలో దీనికి మూడు క్లాసులు ఉన్నాయి. ఏది ఎప్పుడు వాడాలో చెప్తాను.

మొదటిది కంటెంట్‌ఫైల్. ఇది సింపుల్. బైట్స్ ఇస్తాం, పేరు ఇస్తాం, అంతే. మోడల్‌లోని ఫైల్‌ఫీల్డ్‌లో నేరుగా సేవ్ చేయడానికి ఇది చాలు. పీడీఎఫ్ మనమే తయారు చేసి డేటాబేస్ రికార్డుకి తగిలించాలంటే ఇదే వాడండి. పేరు మాత్రం మర్చిపోకండి. పేరు లేకుండా ఫీల్డ్‌కి అసైన్ చేసి సేవ్ అంటే, పాత వెర్షన్లలో ఎర్రర్ కూడా రాదు. రికార్డు సేవ్ అవుతుంది, ఫైల్ మాత్రం ఉండదు. కొత్త వెర్షన్లు పేరు కావాలని ఎర్రర్ ఇస్తున్నాయి.

రెండోది ఇన్‌మెమరీ‌అప్‌లోడెడ్‌ఫైల్. నిజమైన అప్‌లోడ్‌లో జాంగో తనంతట తాను తయారు చేసేది ఇదే, ఫైల్ చిన్నదైతే. చిన్నది అంటే డిఫాల్ట్‌గా 2.5 ఎంబీ, కచ్చితంగా చెప్పాలంటే 26,21,440 బైట్లు. అంతకంటే పెద్దదైతే డిస్క్ మీద టెంపరరీ ఫైల్‌గా పెడుతుంది, దాని క్లాస్ వేరు. ఇన్‌మెమరీ‌అప్‌లోడెడ్‌ఫైల్‌కి మనం ఇవ్వాల్సినవి వరుసగా ఫైల్, ఫీల్డ్ నేమ్, నేమ్, కంటెంట్ టైప్, సైజ్, క్యారెక్టర్ సెట్. ఫైల్ అన్నచోట బైట్స్ నేరుగా పెడితే పనిచేయదు. బైట్స్‌ఐఓలో చుట్టి ఇవ్వాలి.

మూడోది సింపుల్‌అప్‌లోడెడ్‌ఫైల్. ఇది రెండోదానికి షార్ట్‌కట్. పేరు, బైట్స్, కంటెంట్ టైప్ ఇస్తే చాలు. బైట్స్‌ఐఓ, సైజ్ లెక్క అన్నీ అదే చూసుకుంటుంది. ఎక్కువగా టెస్టుల్లో కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త, కంటెంట్ టైప్ ఇవ్వకపోతే అది "టెక్స్ట్ స్లాష్ ప్లెయిన్" అని పెట్టేస్తుంది. ఫోటో టెస్ట్ చేస్తున్నాను అనుకుని టెక్స్ట్ ఫైల్ టెస్ట్ చేస్తుంటారు చాలామంది.

మరి ఎలా ఎంచుకోవాలి? మీ తర్వాతి కోడ్ కంటెంట్ టైప్ అడుగుతుందా? అడగకపోతే కంటెంట్‌ఫైల్ చాలు. అడిగితే, అంటే అప్‌లోడ్ కోసం ఆల్రెడీ రాసిన ఫంక్షన్‌నే మళ్ళీ వాడుకోవాలంటే, రెండోది లేదా మూడోది. కంటెంట్‌ఫైల్‌కి కంటెంట్ టైప్ అనే యాట్రిబ్యూటే లేదు కాబట్టి అక్కడ యాట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది.

సరే, క్లాసులు అయిపోయాయి. ఇంతవరకూ డాక్యుమెంటేషన్ చదివినా తెలిసిపోతుంది. గోతులు మాత్రం వేరే ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి గొయ్యి బేస్64 దగ్గరే. కాన్వాస్ నుంచి వచ్చే స్ట్రింగ్ ఎలా మొదలవుతుంది? "డేటా, కోలన్, ఇమేజ్ స్లాష్ పీఎన్‌జీ, సెమీకోలన్, బేస్64, కామా" అని. ఆ కామా తర్వాతే అసలు డేటా. ఈ ముందు భాగాన్ని తీసేయకుండా పైథాన్ బీ64డీకోడ్‌కి ఇచ్చేస్తే ఏమవుతుంది? ఎర్రర్ వస్తుంది అనుకుంటాం. ప్రతిసారీ రాదు! డిఫాల్ట్‌గా ఆ ఫంక్షన్ తనకి తెలియని అక్షరాలను, అంటే కోలన్, సెమీకోలన్, కామాలను వదిలేసి ముందుకెళ్తుంది. మిగిలిన ఇంగ్లీష్ అక్షరాలు, స్లాష్, అంకెలు అన్నీ దానికి చెల్లుబాటయ్యే బేస్64 అక్షరాలే.

ఇప్పుడు లెక్కపెట్టండి. పీఎన్‌జీ ముందు భాగంలో అలా మిగిలేవి 19 అక్షరాలు. బేస్64 నాలుగేసి అక్షరాల లెక్కన నడుస్తుంది. 19 నాలుగుతో భాగించబడదు కాబట్టి ప్యాడింగ్ లెక్క చెడుతుంది, ఎర్రర్ వస్తుంది. అదే జేపెగ్ అయితే? మిగిలేవి 20 అక్షరాలు. నాలుగైదులు ఇరవై, లెక్క సరిగ్గా కుదిరిపోయింది! ఎర్రర్ రాదు. ఫైల్ ముందు 15 చెత్త బైట్స్ చేరతాయి, ఆ వెనక అసలు ఫోటో ఉంటుంది. సేవ్ అవుతుంది, సైజ్ కూడా దాదాపు సరిగ్గానే కనిపిస్తుంది, ఫోటో మాత్రం తెరుచుకోదు. అందుకే ఒకే కోడ్ పీఎన్‌జీకి పగిలిపోయి, జేపెగ్‌కి "పనిచేసినట్టు" కనిపిస్తుంది.

ప్యాడింగ్ ఎర్రర్ వస్తే స్ట్రింగ్ చివర రెండు ఈక్వల్స్ గుర్తులు అతికించమని నెట్‌లో సలహాలు కనిపిస్తాయి. ఇక్కడ అది మందు కాదండి, నొప్పి తెలియకుండా చేసే మాత్ర. ఎర్రర్ పోతుంది కానీ రోగం ఉంటుంది. సరైన పని రెండు ముక్కలు: కామా దగ్గర స్ట్రింగ్‌ని ఒక్కసారి విడగొట్టి రెండో సగం తీసుకోండి, డీకోడ్ చేసేటప్పుడు వ్యాలిడేట్ ఈక్వల్స్ ట్రూ ఇవ్వండి. అప్పుడు తేడా అక్షరం ఒక్కటి ఉన్నా అది అక్కడే ఆగి అరుస్తుంది.

రెండో గొయ్యి పాయింటర్. దీనికి ఒక నిజమైన కేసు చెప్తాను, నేను దగ్గరగా చూసింది. ఒక సరుకుల డెలివరీ సిస్టమ్. కంపెనీ పేరు అనవసరం. డెలివరీ చేసే అబ్బాయి సరుకు ఇచ్చాక కస్టమర్ చేత ఫోన్ మీద సంతకం పెట్టించుకుంటాడు. ఆ సంతకం సర్వర్‌కి వస్తుంది, పిల్లోతో సైజ్ తగ్గించి బైట్స్‌ఐఓలో పీఎన్‌జీగా సేవ్ చేసి, బోటో3తో నేరుగా క్లౌడ్ స్టోరేజ్‌కి పంపుతారు. డేటాబేస్‌లో ఫైల్ దారి ఉంది. లాగ్‌లో అంతా సక్సెస్. యాప్‌లో పచ్చ టిక్కు.

కొన్ని వారాల తర్వాత ఒక కస్టమర్ "నాకు సరుకు అందలేదు" అన్నారు. సంతకం తీసి చూద్దామని తెరిస్తే ఫైల్ సైజ్ సున్నా. పక్కవి చూశారు, సున్నా. ఆ అప్‌డేట్ వెళ్ళిన రోజు నుంచి అన్నీ సున్నా బైట్లే. రుజువు లేదు కాబట్టి సరుకు ఖరీదు ఆ అబ్బాయి జీతంలో కోసే మాట వచ్చింది. అతను సంతకం పెట్టించుకున్నాడు, తన పని పూర్తిగా చేశాడు. అతను చూపించగలిగిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని మన వైపు కోడ్ పారేసింది. చివరికి జీపీఎస్ రికార్డు చూసి ఆ కోత ఆపారు. అది కూడా లేకపోతే?

కారణం ఏంటంటే, బైట్స్‌ఐఓ ఒక నోట్‌బుక్ లాంటిది. పెన్ను ఎక్కడ ఆగిందో అక్కడ నుంచే చదువుతుంది. పిల్లో ఇమేజ్ మొత్తం రాశాక పెన్ను చివర్లో ఉంటుంది. అక్కడ నుంచి చదివితే ఏముంటుంది? ఖాళీ. బోటో3లో అప్‌లోడ్ ఫైల్‌ఆబ్జ్ అనే ఫంక్షన్ ఇచ్చిన చోటు నుంచే చదువుతుంది, సున్నా బైట్లు దొరికితే సున్నా బైట్ల ఫైల్‌నే నిజాయితీగా సేవ్ చేస్తుంది. దాని దృష్టిలో అది తప్పు కాదు. మందు ఒక్క లైన్: సీక్ బ్రాకెట్‌లో సున్నా. పెన్నుని మొదటి పేజీకి తేవడం అన్నమాట.

ఇంకో తమాషా ఉంది ఇందులో. ఇదే బఫర్‌ని జాంగో ఫైల్‌ఫీల్డ్ ద్వారా లోకల్ డిస్క్‌లో సేవ్ చేస్తే సీక్ లేకపోయినా బాగానే పనిచేస్తుంది. ఎందుకంటే జాంగో చంక్స్ మెథడ్ తనే ముందు సున్నాకి వెళ్ళి మొదలుపెడుతుంది. అందుకే లోకల్‌లో పనిచేసిన కోడ్, స్టోరేజ్‌కి నేరుగా పంపేలా మార్చగానే చచ్చిపోతుంది. "నా మెషీన్‌లో పనిచేస్తోంది" అనే మాటకి ఇక్కడ నిజంగానే అర్థం ఉంది.

నేనైతే రెండు అలవాట్లు చెప్తాను. బఫర్‌ని ఎవరికైనా అప్పగించే ముందు సీక్ సున్నా. అప్‌లోడ్ అయ్యాక స్టోరేజ్‌లో ఉన్న సైజ్‌నీ మన దగ్గరున్న సైజ్‌నీ ఒకసారి పోల్చడం. ఈ రెండో అలవాటు ఉంటే పైన చెప్పిన బగ్ మొదటి రోజే బయటపడేది.

మూడో గొయ్యి సైజ్. ఇన్‌మెమరీ‌అప్‌లోడెడ్‌ఫైల్‌కి సైజ్ మనమే ఇవ్వాలి అన్నాను కదా. చాలామంది అక్కడ నన్ పెట్టేస్తారు. మోడల్‌లో సేవ్ అయితే అయిపోతుంది. కానీ అదే ఆబ్జెక్ట్‌ని ఫారమ్‌కి గానీ, రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ సీరియలైజర్‌కి గానీ ఇస్తే "సబ్మిట్ చేసిన ఫైల్ ఖాళీగా ఉంది" అంటుంది. ఫైల్‌లో డేటా నిండుగా ఉంది, అయినా ఖాళీ అంటుంది! ఎందుకంటే అది లోపల తెరిచి చూడదు, లేబుల్ మీద బరువు మాత్రమే చూస్తుంది. నన్ అన్నా సున్నా అన్నా దానికి ఒకటే.

ఇంకొందరు సిస్ డాట్ గెట్‌సైజాఫ్ వాడతారు. నెట్‌లో ఈ కోడ్ చాలా చోట్ల కాపీ అవుతూ తిరుగుతోంది. అది ఫైల్ సైజ్ చెప్పదండి, ఆ పైథాన్ ఆబ్జెక్ట్ మెమరీలో ఎంత చోటు తీసుకుందో చెప్తుంది. పార్సిల్ బరువు అడిగితే వ్యాన్‌తో కలిపి తూచినట్టు. బైట్స్ ఉంటే లెన్ వాడండి. బఫర్ ఉంటే గెట్‌బఫర్ డాట్ ఎన్‌బైట్స్ వాడండి.

నాలుగోది ఫైల్ పేరు. ఇది మన తెలుగు వాళ్ళకి ప్రత్యేకంగా తగిలేది కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. యూజర్ తన ఫైల్‌కి "రసీదు" అని తెలుగులో పేరు పెట్టి పంపారు అనుకోండి. జాంగోలో సేవ్ అయ్యాక ఆ పేరు ఏమవుతుందో తెలుసా? "రసద". "తెలుగు" అని పెడితే "తలగ" అవుతుంది. నిజంగా! మీరే ఒకసారి గెట్ వ్యాలిడ్ ఫైల్‌నేమ్ అనే ఫంక్షన్‌కి ఇచ్చి చూడండి.

ఎందుకంటే ఆ ఫంక్షన్ పేరులో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫన్, చుక్క తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. అది "అక్షరం" అని గుర్తించడానికి పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లోని బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మీద ఆధారపడుతుంది. యూనికోడ్‌లో మన హల్లులు, అచ్చులు అక్షరాల వర్గంలో ఉన్నాయి. గుణింతం గుర్తులు, పొల్లు మాత్రం "మార్క్" అనే వేరే వర్గంలో ఉన్నాయి. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకి అవి అక్షరాలు కావు. దాంతో తలకట్లు తప్ప గుణింతాలన్నీ ఊడిపోతాయి. హిందీకీ ఇదే గతి.

దీనివల్ల పేరు వికారంగా కనిపించడమే కాదు, వేరు వేరు పేర్లు ఒకటే అయిపోతాయి. "రామ", "రమ" రెండూ "రమ" అవుతాయి. జాంగో పాత ఫైల్‌ని తుడిచేయదు, కొత్తదాని చివర కొన్ని యాదృచ్ఛిక అక్షరాలు చేర్చి దాస్తుంది. కానీ పేరు చూసి ఏది ఎవరిదో చెప్పలేం. పైగా యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి 3 బైట్లు పడతాయి, లైనక్స్‌లో మామూలుగా ఫైల్ పేరుకి హద్దు 255 బైట్లు. అంటే దాదాపు 85 కోడ్‌పాయింట్లకే హద్దు వచ్చేస్తుంది.

పరిష్కారం సులువు. డిస్క్ మీద ఫైల్ పేరు మనమే తయారు చేద్దాం, యూయూఐడీ పెడదాం, ఎక్స్‌టెన్షన్ మనం నిర్ధారించిన ఫార్మాట్ నుంచి తీసుకుందాం. యూజర్ పెట్టిన అసలు పేరుని డేటాబేస్‌లో వేరే కాలమ్‌లో అక్షరం పోకుండా దాచుదాం. డౌన్‌లోడ్ ఇచ్చేటప్పుడు ఆ పేరే చూపిద్దాం. వాళ్ళ రసీదు వాళ్ళకి రసీదుగానే ఉండాలి కదా.

ఐదోది నమ్మకం. మనం లేబుల్ మీద "ఇమేజ్ స్లాష్ జేపెగ్" అని రాసినంత మాత్రాన లోపల జేపెగ్ ఉందని కాదు. స్ట్రింగ్ ముందు భాగంలో ఉన్న టైప్‌ని క్లయింట్ రాశాడు, వాడు ఏదైనా రాయొచ్చు. బైట్స్‌నే అడగాలి. చాలా ఫార్మాట్లకి మొదటి కొన్ని బైట్స్ సంతకం లాంటివి. జేపెగ్ ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్‌తో మొదలవుతుంది. పీఎన్‌జీ 89 అనే హెక్స్ బైట్‌తో మొదలై వెంటనే పీ, ఎన్, జీ అక్షరాలు వస్తాయి. పీడీఎఫ్ మామూలుగా పర్సెంట్ గుర్తు, పీడీఎఫ్, హైఫన్‌తో మొదలవుతుంది. వర్డ్, ఎక్సెల్ కొత్త ఫైళ్ళు పీకే అని మొదలవుతాయి, ఎందుకంటే అవి లోపల జిప్ ఫైళ్ళే. కాబట్టి పీకే కనిపిస్తే ఇంకా లోపలికి చూడాలి.

ఇమేజ్ అయితే పిల్లోతో ఓపెన్ చేసి వెరిఫై పిలవండి. వెరిఫై తర్వాత అదే ఇమేజ్ ఆబ్జెక్ట్‌ని వాడకూడదు, మళ్ళీ ఓపెన్ చేయాలి. జాంగో ఫారమ్‌లోని ఇమేజ్‌ఫీల్డ్ ఈ పరీక్ష తనే చేస్తుంది. కానీ జాగ్రత్త, మోడల్‌లోని ఇమేజ్‌ఫీల్డ్ సేవ్ సమయంలో ఈ పరీక్ష చేయదు. మనం బైట్స్‌ని కంటెంట్‌ఫైల్‌లో చుట్టి నేరుగా సేవ్ చేశామంటే కాపలా ఉన్న ముందు గేటు వదిలేసి పెరటి గోడ దూకి వచ్చినట్టే. అందుకే బయటి నుంచి వచ్చిన బైట్స్ అయితే అప్‌లోడెడ్ ఫైల్‌గా మార్చి ఫారమ్ లేదా సీరియలైజర్ ద్వారానే పంపండి. మనమే తయారు చేసిన పీడీఎఫ్ అయితే నేరుగా సేవ్ చేసినా ఫర్వాలేదు.

ఆఖరిది మెమరీ. బేస్64లో ప్రతి 3 బైట్లకి 4 అక్షరాలు, అంటే మూడో వంతు ఎక్కువ. 9 ఎంబీ ఫోటో 12 ఎంబీ స్ట్రింగ్ అవుతుంది. రిక్వెస్ట్ బాడీ ఒకటి, జేసన్ నుంచి తీసిన స్ట్రింగ్ ఒకటి, డీకోడ్ చేసిన బైట్స్ ఒకటి, ఇవన్నీ ఒకేసారి ర్యామ్‌లో ఉండొచ్చు. మామూలు అప్‌లోడ్‌లో పెద్ద ఫైల్ డిస్క్‌కి వెళ్ళే సౌకర్యం ఇక్కడ లేదు. పైగా జాంగోలో రిక్వెస్ట్ డాట్ బాడీ చదివేటప్పుడు వేరే హద్దు ఉంటుంది, అదీ డిఫాల్ట్‌గా 2.5 ఎంబీయే. మల్టీపార్ట్ ఫైళ్ళని అది లెక్కలోకి తీసుకోదు, జేసన్‌లో వచ్చిన బేస్64ని మాత్రం తీసుకుంటుంది. ఎర్రర్ వచ్చిందని ఆ హద్దుని ఇష్టం వచ్చినట్టు పెంచకండి. సంతకం, చిన్న ఫోటో అయితే బేస్64 ఓకే. పెద్ద ఫైళ్ళకి మొబైల్ టీమ్‌తో మాట్లాడి మల్టీపార్ట్‌కి మారమనండి.

మిగతా ఫ్రేమ్‌వర్క్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫ్లాస్క్‌లో వెర్క్‌జూగ్ ఇచ్చే ఫైల్‌స్టోరేజ్ ఉంది, స్ట్రీమ్, ఫైల్ నేమ్, కంటెంట్ టైప్ ఇస్తే చాలు. ఫాస్ట్ఏపీఐలో అప్‌లోడ్‌ఫైల్‌కి బైట్స్‌ఐఓ ఇవ్వొచ్చు. స్ప్రింగ్‌లో మల్టీపార్ట్‌ఫైల్ ఒక ఇంటర్‌ఫేస్. చాలామంది మాక్‌మల్టీపార్ట్‌ఫైల్ తెచ్చి ప్రొడక్షన్‌లో పెడతారు, అది టెస్ట్ లైబ్రరీకి చెందినది. చిన్న క్లాస్ సొంతంగా రాసుకోండి, ఇంకా మంచిది మీ సర్వీస్ మెథడ్ మల్టీపార్ట్‌ఫైల్ కాకుండా ఇన్‌పుట్‌స్ట్రీమ్ తీసుకునేలా మార్చుకోండి. డాట్‌నెట్‌లో ఫార్మ్‌ఫైల్ తయారు చేసి కంటెంట్ టైప్ పెట్టబోతే నల్ రిఫరెన్స్ వస్తుంది. ముందు హెడర్స్‌కి ఖాళీ హెడర్ డిక్షనరీ ఇవ్వాలి.

చూశారుగా, భాష ఏదైనా ప్రశ్నలు అవే. పేరు ఎవరు పెట్టారు? సైజ్ నిజమేనా? టైప్‌ని బైట్స్ ఒప్పుకుంటున్నాయా? పాయింటర్ ఎక్కడుంది?

ఈసారికి ఒక చిన్న హోమ్‌వర్క్. మీ ప్రాజెక్ట్‌లో ఫైళ్ళు దాచే చోటుకి వెళ్ళి, సైజ్ సున్నా ఉన్న ఫైళ్ళు ఎన్ని ఉన్నాయో వెతకండి. ఒక్కటీ లేకపోతే సంతోషం. ఉంటే మాత్రం ఏ రోజు నుంచి మొదలయ్యాయో చూడండి, ఆ రోజు వెళ్ళిన కోడ్ చూడండి. ఎవరో ఒకరు ఆ ఫైల్‌ని సాక్ష్యంగా నమ్ముకుని ఉండొచ్చు. వాళ్ళకి అవసరం పడేలోపే మనం కనిపెడితే మంచిది.

వచ్చే ఎపిసోడ్‌లో పెద్ద ఫైళ్ళని మన సర్వర్ మీదుగా రాకుండా నేరుగా స్టోరేజ్‌కి పంపే ప్రీసైన్డ్ యూఆర్ఎల్ గురించి మాట్లాడుకుందాం.